దేవరకొండ దగ్గర మా మట్టిగోడల ఇల్లు: నిలబెట్టుకోవాలా, కూలగొట్టాలా?

చెల్కదారి (దేవరకొండ) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. దేవరకొండకు దగ్గరలోని మా ఊళ్లో మా తాత కట్టించిన ఇల్లు ఒకటి ఉంది. నడుమ వాకిలి, నాలుగు దిక్కులా సాయమాన్లు (వసారాలు), వాటి వెనుక అర్రలు (గదులు) ఉన్న చిన్న భవంతి అది. మోకాలి ఎత్తు వరకు రాతికట్టు, ఆపైన మూరెడు మందాన ఎర్రమట్టి గోడ, దాని మీద గూనపెంకుల కప్పు. అరవై ఏళ్లకు పైగా మూడు తరాల వాళ్లం అందులోనే ఉన్నాము. కోతులు పెంకులను నిలవనీయకపోవడంతో పదిహేనేళ్ల కిందట మా నాన్న వాటిని దింపించి ఇనుప రేకులు వేయించారు. ఏటేటా గోడలు అలికే పని తప్పుతుందని, అదే ఏడు బయటి గోడలకు నాలుగడుగుల ఎత్తున సిమెంటు గిలాబా (పూత) కూడా చేయించారు.

ఇప్పుడు ఈశాన్యపు అర్ర బయటి గోడ మీద కొడితే గిలాబా డొల్లగా మోగుతోంది. ఒకచోట పెచ్చు ఊడితే లోపలి మన్ను పిండిలా రాలింది. లోపలి వైపు నడుము ఎత్తున తెల్లని ఉప్పు పేరుకుంటోంది. పూర్వం మే నెలలో కూడా చల్లగా ఉండే ఆ ఇల్లు ఇప్పుడు మధ్యాహ్నం కూర్చోలేనంతగా కాగుతోంది. దీనిని కూలగొట్టి స్లాబు ఇల్లు కట్టుకుందామని మా అన్న అంటున్నాడు, మేము పిలిపించి చూపించిన మేస్త్రి కూడా మట్టిగోడను నమ్మడానికి లేదనే చెప్పాడు. నాకు మనసు ఒప్పడం లేదు, అయితే పిల్లలు పడుకునే ఇంటి విషయంలో మమకారం ఒక్కటే చూసుకుని నిర్ణయం తీసుకోవడం తప్పని కూడా తెలుసు. ఈ గోడ బాగుపడుతుందా? మన ఎండలకు, వానలకు మట్టి ఇల్లు నిజంగా తగినదేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాలమూరు ఇంజనీరు (మహబూబ్‌నగర్):

చెల్కదారి గారూ, మీరు రాసిన లక్షణాలను బట్టి మీ గోడను దెబ్బతీసింది సిమెంటు గిలాబా అని నాకు అనిపిస్తోంది. నేలలోని తడి సన్నని రంధ్రాల గుండా మట్టిగోడలోకి కొంత ఎత్తు వరకు ఎప్పుడూ ఎక్కుతూనే ఉంటుంది. పైన మట్టిపూతే ఉన్నప్పుడు ఆ తడి ఎక్కినంత మేరా రెండు వైపుల నుంచీ గాలికి ఆరిపోతుంది. సిమెంటు పూత ఆ దారిని మూసివేస్తుంది కాబట్టి తడి బయటికి పోలేక ఇంకా పైకి, ఇంకా లోపలికి పాకుతుంది. నీటితోపాటు వచ్చిన ఉప్పు గిలాబా వెనుకా లోపలి ముఖం మీదా గడ్డకట్టి మట్టిని పొడి చేస్తుంది. దీనికి తోడు మట్టి తడికి ఉబ్బి ఎండకు కుదించుకుపోయే తీరుకూ సిమెంటు తీరుకూ పొత్తు కుదరదు. ఆ రెండింటి మధ్య పగుళ్లు వస్తాయి, వాన నీరు ఆ పగుళ్లలోకి దిగి తిరిగి రాదు.

గోడ బలం గురించి లెక్కగా చెబుతాను. బాగా ఎండిన మట్టిగోడ చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కిలోల బరువును ఓర్చుకుంటుంది. పదడుగుల ఎత్తు గోడ తన అడుగు భాగం మీద మోపే బరువు చదరపు సెంటీమీటరుకు అర కిలో పైచిలుకు మాత్రమే, పెంకుల కప్పును కలిపినా కిలోకు అటుఇటుగా ఉంటుంది. అంటే పొడిగా ఉన్నంత కాలం ఆ గోడకు ఇబ్బంది లేదు. అదే మట్టి నీటితో నిండితే మెత్తబడి, ఆ బలంలో అధిక భాగాన్ని కోల్పోతుంది. వానాకాలంలో మట్టిగోడలు కూలి ప్రాణాలు పోయాయని మనం చదివే వార్తల వెనుక దాదాపు ప్రతిసారీ అడుగు భాగం నానిపోవడమే కారణం. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు మా చుట్టుపక్కల కూలిన గోడలను నేను వెళ్లి చూశాను. వాటిలో ఎక్కువ వాటికి కప్పు పోయి ఉంది, లేదా పక్కన కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు ఇంటి పునాది కంటే ఎత్తుగా ఉండి నీళ్లను గోడ మొదట్లోకి తోలుతోంది. మీ ఇంటి ముందు రోడ్డు ఎత్తు పెరిగిందేమో తప్పక చూడండి.

గోడ బాగుపడుతుందా అన్నది తేల్చాలంటే ముందుగా తూకం గుండు వేలాడదీసి గోడ ఎంత వాలిందో చూడాలి. కడుపు ఉబ్బినట్టు బయటికి వచ్చినా, మూలల దగ్గర పైనుంచి కింది వరకు చీలిక వచ్చి రెండు గోడలు విడిపోయినా ఆ భాగాన్ని నమ్మకండి, దించి మళ్లీ కట్టవలసిందే. ఆ రెండూ లేకపోతే గిలాబా ఊడిన చోట సన్నని ఇనుప చువ్వతో పొడిచి చూడండి. పైన అంగుళం, రెండంగుళాలు పొడి రాలి ఆ లోపల గట్టిగా తగిలితే గోడ బతికి ఉన్నట్టే. అటువంటప్పుడు గిలాబా మొత్తం తీసివేసి ఒక ఎండాకాలమంతా గోడను ఆరనివ్వాలి. ఆరకముందే కొత్త పూత పూస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక వేడి సంగతి. మూరెడు మట్టిగోడ గుండా మధ్యాహ్నపు వేడి లోపలి ముఖానికి చేరడానికి 12 గంటలకు పైగా పడుతుంది, అది కూడా బాగా తగ్గి చేరుతుంది. పగటికీ రాత్రికీ మధ్య 14, 15 డిగ్రీల తేడా ఉండే మన పొడి వేసవికి ఈ గుణం ఎంతో సరిపోతుంది. పగలు తలుపులు మూసి ఉంచి, పొద్దుగూకిన తరువాత అన్నీ తెరిచి, వాకిట్లో నులక మంచాలు వేసుకుని పడుకున్న మన పెద్దల అలవాటు ఈ గోడల గుణానికి తగినట్టుగా ఏర్పడినదే. మీ ఇంట్లో గోడలు మారలేదు, కప్పు మారింది. మే నెల ఎండలో ఇనుప రేకు 60 డిగ్రీలు దాటి కాగుతుంది, ఆ వేడి నేరుగా మీ నెత్తి మీదికి దిగుతుంది. స్లాబు ఇల్లు కట్టుకున్నా, పైన తగిన ఏర్పాటు లేకపోతే మీరు అనుభవించేది ఇదే వేడి, అందులోనూ రాత్రిపూట.

గద్వాల మిద్దె (గద్వాల):

కప్పు గురించి ఇంజనీరు గారు చెప్పినదానికి మా వైపు అనుభవం ఒకటి చేర్చాలనుకుంటున్నాను. గద్వాల, అలంపురం ప్రాంతాలలో పెంకుటిళ్లకంటే మట్టి మిద్దెలే ఎక్కువగా ఉండేవి. గద్వాల సంస్థానపు రాజు సోమనాద్రి కట్టించిన మా కోటను ఇప్పటికీ మట్టికోట అనే పిలుస్తారు. మిద్దె అంటే దూలాల మీద దంతెలు (అడ్డకర్రలు), వాటి మీద బండలో కట్టెలో పరిచి, వేపాకు వేసి, ఆపైన మన్ను తొక్కించి, చివర చౌడు మన్ను (ఉప్పు తేలిన నేలల మన్ను) పరిచేవారు. పంటకు పనికిరాని చౌడు కప్పుకు ఎలా పనికివచ్చిందని నేను చాలాకాలం ఆశ్చర్యపోయాను. చౌడులోని సోడియం వల్ల మట్టి రేణువులు తడి తగలగానే విడివిడిగా చెదిరి సన్నని రంధ్రాలన్నిటినీ పూడ్చివేస్తాయి. పొలంలో నీళ్లు ఇంకకుండా రైతును ఏడిపించే గుణమే మిద్దె మీద వాన నీటిని కిందికి దిగనీయదు. మృగశిర కార్తెకు ముందు ఇంటింటా చౌడు గంపలు మిద్దె ఎక్కేవి.

అయితే ఇందులోనే ఒక ప్రమాదం ఉంది, అది మా ఇంట్లోనే జరిగింది. పాత చౌడును గీకి తీయకుండా ప్రతి ఏటా దాని మీదే కొత్తది పోస్తూ వచ్చాము. పదడుగులకు పన్నెండడుగుల అర్ర మీద ఒక అంగుళం మన్ను అంటే పొడిగా ఉన్నప్పుడే సుమారు 450 కిలోలు. పదేళ్లలో పదంగుళాలు చేరితే నాలుగున్నర టన్నులు, తడిస్తే ఇంకా ఎక్కువ. చెదలు పట్టిన దూలం ఒక రాత్రి ఆ బరువుకు విరిగింది. ఆ అర్రలో అప్పుడు ఎవరూ లేకపోవడం మా అదృష్టం. మట్టి మంచిదే, కానీ దాని బరువును మరిచిపోకూడదు.

వరద సంగతి కూడా చెప్పాలి. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగినప్పుడు అలంపురం, రాజోలి నీట మునిగాయి, మట్టిగోడల ఇళ్లు లెక్కలేనన్ని నేలమట్టమయ్యాయి. యెమెన్ దేశంలో ఎడారి నడుమ ఏడంతస్తుల మట్టి మేడలతో నిలిచిన షిబాం పట్టణం కూడా 2008 వరదలో దెబ్బతిన్నది. వానను తట్టుకునే మట్టిగోడ నిలువ నీటిని తట్టుకోలేదు. ఏటి ఒడ్డున, చెరువు కింద ఉన్న స్థలంలో మట్టితో కట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. దేవరకొండ వైపు గట్టు నేలలు కాబట్టి మీకు ఆ భయం తక్కువ.

మన్నుపని (కల్వకుర్తి):

మా నాన్న, మా పెద్దనాయన మట్టిగోడలు పెట్టిన మనుషులు. పాలమూరు కూలీలుగా దేశమంతా తిరిగి కాలువలు తవ్వి, కట్టలు పోసిన తరం వారిది. నాగార్జునసాగర్‌లో నడుమ రాతికట్టడం ఉన్నా రెండు పక్కలా ఉన్నవి మట్టికట్టలేనని, నీళ్లను అంతకాలంగా ఆపుతున్న మన్నును తక్కువగా చూడవద్దని మా నాన్న అనేవారు. నాకు చదువు కొంచెమే, చూసింది రాస్తున్నాను.

గోడకు అన్ని మన్నులూ పనికిరావు. నల్లరేగడి తడికి ఉబ్బి ఎండకు నెరలు విచ్చుతుంది కాబట్టి ఒంటరిగా వాడకూడదు. ఉత్త దుబ్బ నిలవదు. ఎర్రచెల్క కింద రెండడుగుల లోతున దొరికే మన్ను, అందులో సన్నని మొరం కలిసి ఉంటే, గోడకు ఉత్తమం. మా నాన్న మన్నును తడిపి నిమ్మకాయంత ఉండ చేసి ఎండబెట్టేవారు. వేళ్ల మధ్య నలిపితే పిండి కాకూడదు, నెర్రె కూడా పట్టకూడదు. ఇంకొక పద్ధతి గాజు సీసాలో మూడో వంతు మన్ను పోసి నీళ్లతో నింపి బాగా కుదిపి ఒక రోజు కదలకుండా ఉంచడం. అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, పైన జిగట మన్ను వేరువేరు పొరలుగా తేరుకుంటాయి. జిగట పొర మొత్తంలో అయిదో వంతుకు దగ్గరగా ఉంటే ఆ మన్ను గోడకు కుదురుతుంది.

సంక్రాంతి దాటిన తరువాత పని మొదలుపెట్టేవారు, ఎందుకంటే అప్పుడు చెరువులో ఇంకా నీళ్లుంటాయి, ఎండ కూడా ముదురుతుంది. మన్నును నానబెట్టి, వరిగడ్డి ముక్కలు కలిపి, కాళ్లతో తొక్కి, ముద్దలు చేసి, చేతులు మార్చుకుంటూ అందించేవారు. ఒక వరుస మూరెడు ఎత్తుకు మించేది కాదు. అది ఆరి గట్టిపడే వరకు నాలుగైదు రోజులు ఆగి, పారతో అంచులు చెక్కి, అప్పుడు పై వరుస పెట్టేవారు. తొందరపడి రెండు వరుసలు ఒకే రోజు పెడితే కింది వరుస బరువుకు పక్కకు జారుతుంది. ఈనాడు గుత్తకు పని చేసేవారికి ఆ ఆగడం కుదరదు, అందుకే మట్టిగోడ అంటే వద్దంటున్నారని నా అభిప్రాయం.

మీ గోడకు అతుకు వేయాలంటే కొత్త చోటి మన్ను తేవద్దు. రాలిన మన్నులో ఉప్పు చేరి ఉంటుంది కాబట్టి దానిని కూడా వాడవద్దు. మీ తాత ఎక్కడ తవ్వించారో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి అక్కడి నుంచే తెప్పించుకోండి. ఒకే జాతి మన్ను అయితేనే పాతదీ కొత్తదీ కలిసి ఆరతాయి.

అచ్చంపేట టీచరు (అచ్చంపేట):

పైన రాసినవన్నీ ఎంతో విలువైన మాటలు. కానీ ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను. ఆ గోడలను ఏటేటా ఎవరు అలకాలి?

మా అమ్మ, మా నాయనమ్మ అలికారు. పండుగకు ముందు నాలుగు రోజులు తెల్లవారుజామున లేచి, పేడ, ఎర్రమన్ను కలిపి, మోకాళ్ల మీద కూర్చుని నేల, నిచ్చెన ఎక్కి గోడలు, ఆపైన జాజు, సుద్ద పూసేవారు. వాళ్ల వేళ్ల సందుల్లో పుండ్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇంట్లో ఎద్దులు, బర్రెలు ఉన్నప్పుడు పేడ ఉండేది. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులను అమ్ముకున్న తరువాత అది కొనవలసిన వస్తువైంది. మట్టి ఇల్లు పర్యావరణానికి మేలు చేస్తుందన్న మాట నిజమే, కానీ ఆ మేలు ఖర్చు చాలాకాలం ఆడవాళ్ల ఒంటి కష్టం మీద నడిచింది. చెల్కదారి గారి నాన్న సిమెంటు పూయించింది ఇంటి మీద ప్రేమ లేక కాదు, ఇంట్లోని ఆడవాళ్ల కష్టం చూడలేకనే అయి ఉండవచ్చు.

పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలో జెన్నే అనే ఊళ్లో 1907లో కట్టిన పెద్ద మట్టి మసీదు ఉంది. ఎండలు, ఏడాదికి కొద్ది నెలల వానలు ఉన్న ఆ చోట ఆ మసీదు వందేళ్లకు పైగా నిలవడానికి కారణం, ప్రతి ఏటా ఊరంతా కదిలి ఒక పండుగలా దానికి మళ్లీ మట్టి పూయడమే. అక్కడ మన్ను గొప్పదనం కంటే ఆ కట్టుబాటు గొప్పదనం ఎక్కువని నేను అనుకుంటాను. మన ఊళ్లలో అటువంటి కట్టుబాటు లేనప్పుడు ఒక్కొక్క ఇల్లాలు ఒంటరిగా ఆ భారం మోయాలని కోరడం న్యాయం కాదు. మట్టి ఇల్లు నిలవాలని నేనూ కోరుకుంటున్నాను. అందుకు ఏడాదికోసారి చేయవలసిన పనిని అయిదేళ్లకోసారి చేస్తే సరిపోయే దారి ఏమైనా ఉంటే చెప్పండి.

చెల్కదారి:

టీచరు గారి మాట చదివి మా అమ్మను అడిగాను. నిజమే, గిలాబా చేయించమన్నది అమ్మేనట. అప్పుడు ఆమెకు నడుము నొప్పి మొదలైంది. ఈ సంగతి నాకు ఇన్నేళ్లూ తెలియదు. అందరికీ కృతజ్ఞతలు. నిన్న తూకం గుండు వేసి చూశాము, పదడుగుల ఎత్తులో అరంగుళానికి మించి వాలు లేదు. చువ్వ రెండంగుళాల దగ్గర గట్టిగా తగిలింది. రోడ్డు మాత్రం మా గడప కంటే జానెడు ఎత్తుకు చేరింది.

పాలమూరు ఇంజనీరు:

శుభవార్త. అయితే రోడ్డు నీరే మీ మొదటి శత్రువు. గోడకు మూడడుగుల అవతల కాలువ తీసి, గోడ మొదలు నుంచి కాలువ వైపు నేల వాలుగా ఉండేటట్టు బండలు పరిపించండి. ఆ బండల సందుల్లో సిమెంటు కూర్చకండి, తడి పైకి ఆరిపోవాలి.

టీచరు గారు అడిగినది ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, నాకు తోచిన జవాబు చెబుతాను. వాన జల్లు ఎక్కువగా కొట్టేది గోడ అడుగున మూడడుగుల మేర, నైరుతి వైపు ముఖాల మీద. ఇల్లంతా అలకడం బదులు ఆ భాగాలకు మాత్రమే సున్నం కలిపిన మట్టిపూత వేసి, పైన సున్నం కొడితే, సున్నం గట్టిపడి వానకు కరగదు, అదే సమయంలో తడిని బయటికి పోనిస్తుంది. మన పాత గడీలలో, గుళ్లలో డంగు సున్నం ఇంతకాలం నిలవడానికి ఈ గుణమూ ఒక కారణం. కప్పు చూరును గోడ దాటి రెండడుగులు ముందుకు సాగదీస్తే సగం వాన గోడను తాకనే తాకదు. ఈ రెండూ చేస్తే పూత పని ఏటా రాదు, వచ్చినప్పుడు కూలి ఇచ్చి చేయించుకోగలిగినంతే ఉంటుంది. రేకుల కింద వెదురు తడకలు కట్టి, మధ్యన జానెడు గాలి సందు వదిలితే వేడి చాలా తగ్గుతుంది. కోతుల బాధ ఉన్న ఊళ్లో మళ్లీ గూనపెంకులు వేయమని నేను చెప్పలేను.

దించవలసిన గోడ ఏదైనా ఉంటే, లేదా మీ అన్న కొత్త అర్రలు కట్టాలనుకుంటే, ఒత్తిన మట్టి ఇటుకల గురించి ఆలోచించండి. తగిన ఎర్రమన్నులో నూటికి 5 నుంచి 8 పాళ్లు సిమెంటు కలిపి, చేతి యంత్రంలో ఒత్తి, తడుపుతూ నాలుగు వారాలు గట్టిపడనిస్తారు. కాల్చే పని లేదు. జిగట ఎక్కువ ఉన్న మన్నుకు సిమెంటు కంటే సున్నం మేలు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1970ల నుంచీ, పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో 1989 నుంచీ దీని మీద పని జరుగుతోంది. భారతీయ ప్రమాణాల సంస్థ వీటికి ఐఎస్ 1725 అనే ప్రమాణాన్ని కూడా ఇచ్చింది కాబట్టి, ఇది ప్రమాణమే లేని వస్తువని ఎవరైనా అంటే ఆ సంఖ్య చూపించండి.

సిమెంటు అంటే నాకు ద్వేషం లేదు. వాడపల్లి, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాయి ఉండటంతో మన ఉమ్మడి నల్లగొండ నేల మీదే ఆ కర్మాగారాలు వెలిశాయి, ఎన్నో కుటుంబాలు వాటి మీద బతుకుతున్నాయి. కానీ టన్ను సిమెంటు తయారైతే అర టన్నుకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది, దానికి తోడు కావలసిన ఇసుక కోసం మన వాగులను తవ్వుకుంటూ పోతున్నాము, ఆ వాగుల పక్కనే బోర్లు ఎండిపోతున్నాయి. ఇప్పటికే నిలిచి ఉన్న గోడను పారబోసి ఆ జాగాలో ఇసుకా సిమెంటూ పోయడం నాకు బాధ కలిగిస్తుంది. అవసరమైన చోట వాడదాము, అవసరం లేని చోట ఎందుకు?

మన్నుపని:

సున్నం కలిపేటప్పుడు పొడి సున్నం కాదు, కనీసం పక్షం రోజులు నీళ్లలో ఊరిన సున్నం వాడండి. ఊరని సున్నం గోడ మీద పూసిన తరువాత పొక్కులు లేస్తుంది.

చెల్కదారి:

మా అన్నతో మాట్లాడాను. వానాకాలం వరకు ఆగడానికి ఒప్పుకున్నాడు. సంక్రాంతి వెళ్లగానే ఆ ఒక్క అర్ర బయటి గోడకు గిలాబా తీయించి, కాలువ తవ్వించి, వానలు వచ్చేలోగా గోడ ఎంతవరకు ఆరుతుందో చూస్తాము. కల్వకుర్తి అన్నా, మీ ఎరుకలో మట్టిపూత చేయగలిగిన మనిషి ఉంటే వచ్చి ఒకసారి గోడ చూడగలరా? అమ్మతో అలికించే ఆలోచన లేదు, కూలి ఇచ్చే చేయిస్తాము.

మన్నుపని:

మా పెద్దనాయనే వస్తారు. వయసు మీద పడింది కాబట్టి పని చేయలేరు, పక్కన నిలబడి చెప్పగలరు. మీ ఊరి పిల్లలు ఇద్దరు నేర్చుకోవడానికి నిలబడితే ఆయన సంతోషిస్తారు. గిలాబా తీసే రోజుకు ముందే ఆ అర్రలో దూలం కింద రెండు గట్టి గుంజలు నిలబెట్టండి, గోడకు ఆనించిన వడ్ల బస్తాలు ఉంటే అన్నీ బయట పెట్టించండి. సుత్తితో గట్టిగా కొట్టవద్దు, పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా ఊడదీయండి.